వంతెన మీద నా వంతు

నేను ఒక ఇరవై రెండు అంగుళాల నల్ల సైకిల్‌ని. పుట్టుకతో మగవాళ్ళ సైకిల్‌ని. నడివయసులో నన్ను కోసి, అతికి, ఆడవాళ్ళ సైకిల్‌గా మార్చారు. అలాంటి మార్పు ఏ సైకిల్‌కీ సరదాగా జరగదు. నాకూ సరదాగా జరగలేదు.

ఉత్తరాదిన ఏదో పెద్ద కర్మాగారంలో నా గొట్టాలు సాగాయి, వంగాయి, నల్లరంగులో మునిగి లేచాయి. అక్కడ నేనింకా నేను కాదు, గోనెపట్టా చుట్టిన ఇనుపముక్కల కట్టని. లారీలో రోజుల తరబడి కుదుపులు తిని పెదగరువు అనే ఊళ్ళో దిగాను. బజారు వీధి సైకిల్ షాపులో కాసిం నన్ను ఒక పొద్దుటిపూట కూర్చుని బిగించాడు. స్పోకులు ఒక్కొక్కటే మీటి, చెవి ఒగ్గి విని, సరిచేశాడు. చివరికి తలకిందులుగా నిలబెట్టి పెడల్ తిప్పితే వెనకచక్రం గిర్రున తిరిగింది. నాకు ప్రాణం వచ్చింది అప్పుడే.

మొదట నన్ను కొన్నది కాంపౌండరు వీరభద్రాచారిగారు. ఆయన ఇంజక్షన్ల డబ్బా నా కారియర్‌కి కట్టుకుని వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. ఆ నమస్కారాల్లో సగం నాకే అనుకునేవాణ్ణి. ఆయన స్కూటర్ కొన్నాక ఆ నమస్కారాలన్నీ స్కూటర్‌కి వెళ్ళిపోయాయి. నేను పెరట్లో ఉండిపోయాను. కోళ్ళు నా కారియర్ మీద పడుకునేవి. మనుషులు కాస్త జోరు పెంచుకున్నప్పుడల్లా వెనక ఎవర్ని వదిలేశారో చూసుకోరు. అది వాళ్ళ స్వభావం, తప్పు పట్టను.

అక్కణ్ణించి నన్ను తీసుకెళ్ళినవాడు బుల్లియ్య.

పెదగరువు కాలవకి రెండువైపులా పరుచుకున్న ఊరు. పడమటి గట్టున ఇళ్ళు, తూర్పు గట్టున పనులు. జీడిపప్పు ఫ్యాక్టరీ, రైసు మిల్లులు, కలప అడితులు, మార్కెట్టు అన్నీ తూర్పునే. మధ్యలో ఒక్కటే వంతెన. ఎడ్లబళ్ళ కాలంలో కట్టింది. ఎదురెదురుగా రెండు పెద్ద బళ్ళు వస్తే పక్కన మనిషి ఒదిగి నిలబడే చోటుండదు. అయినా పొద్దున్నే ఊళ్ళో సగం మంది సైకిళ్ళ మీద దాని మీంచే పనిలోకి వెళ్ళేవారు.

బుల్లియ్య అడితిలో దుంగలు ఎత్తేవాడు. అతని భార్య నూకరత్నం జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేది. పొద్దున్నే ఆమెని వెనక కూర్చోబెట్టుకుని, వంతెన ఎత్తు దగ్గర సీటు మీంచి లేచి నిలబడి తొక్కేవాడు.

"దిగమంటావా?" అని ఆమె అడిగేది.

"నువ్వు దిగితే బండి తేలికైపోయి ఎగిరిపోద్ది. కూచో," అనేవాడు.

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఇద్దరికీ విసుగు వచ్చేది కాదు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీలో పని ఎక్కువుందని ఆమె ఆగిపోయింది. బుల్లియ్య ఒక్కడే ఇంటికి బయలుదేరాడు. ఎండ ఇంకా వాలలేదు. వంతెన మధ్యకి వచ్చేసరికి ఎదురుగా బస్సు, వెనకనుంచి ఇసుక టిప్పరు. టిప్పరు రెండు ఊపిరులు ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. దాని పక్కచెక్క నా హ్యాండిల్ కొసని తాకింది. తాకడమంటే స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసినంత, అంతే. నా ముందుచక్రం పిట్టగోడకి కొట్టుకుని మెలితిరిగింది. బుల్లియ్య కుడివైపుకి పడ్డాడు. ఎడమవైపుకి పడి ఉంటే బతికేవాడు.

టిప్పరు వెళ్ళిపోయింది. దాని నంబరు చూసినవాళ్ళు లేరు. నువ్వైనా చూశావా అని మీరు అడగచ్చు. నాకు కనిపించింది చక్రాలే. అన్ని టిప్పర్ల చక్రాలూ ఒకలాగే ఉంటాయి.

పోలీసు స్టేషను ఆవరణలో కొన్నాళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి, కేసు ఎటూ తేలక నేను ఇంటికి చేరాను. గుమ్మంలో బుల్లియ్య తల్లి సింహాచలం అడ్డంగా నిలబడింది.

"నా కొడుకుని మింగిన ఇనుము ఇది. దీన్ని గడప దాటించావంటే నేను దాటి ఎల్లిపోతాను."

నూకరత్నం వాదించలేదు. నన్ను ఇంటి బయట గోడకి చేర్చింది. పాత గోనె ఒకటి తెచ్చి కప్పింది. శవానికి కప్పినట్టు కాదు, జ్వరం వచ్చినవాడికి కప్పినట్టు.

తర్వాత ఆమె నడిచి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ గేటు సైరన్‌తోపాటు మూసుకుపోతుంది. ఆ తర్వాత వస్తే ఆ రోజుకి పని లేదు. ఆమె ఇంటి పని ముగించుకుని పరుగున వెళ్ళినా వారంలో ఒకటి రెండు రోజులు గేటు బయట నుంచే తిరిగి వచ్చేది. అలా తిరిగొచ్చిన ఒక రోజున గోనె తీసి, మెలితిరిగిన ముందుచక్రాన్ని ఎత్తిపట్టి, నన్ను వెనకచక్రం మీద నడిపించుకుంటూ కాసిం షాపుకి తీసుకెళ్ళింది.

"బాబాయ్, దీన్ని నేను తొక్కేలా చేసిపెట్టు."

కాసిం జుట్టు అప్పటికి నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "చక్రం మారిస్తే బండి తిరుగుద్దమ్మా. కానీ మధ్యన కడ్డీ ఉంది. చీర కట్టుకుని ఎలా ఎక్కుతావ్? ఇది ఇచ్చేసి పాతదేదైనా లేడీస్ సైకిలు తీసుకో."

"ఇదే కావాల."

"కడ్డీ కోసి కిందకి అతకాలి మరి. బలం తగ్గిపోద్ది తల్లీ."

"నాకు మాత్రం తగ్గలేదా బాబాయ్? అయినా నడుత్తన్నాను కదా."

కాసిం రంపం తీశాడు. నా నడుము కడ్డీ రెండు చోట్ల తెగింది. నన్ను పుట్టించిన చేతులే నన్ను కోస్తుంటే, అరవడానికి నోరు లేని బతుకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తర్వాత నిప్పురవ్వలు. కడ్డీని ఏటవాలుగా కిందకి అతికాడు. కొత్త చక్రం వేశాడు. అతుకు మీద రంగు పూయబోతే నూకరత్నం వద్దంది. "కనపడనీ," అంది.

ఆమెకి తొక్కడం నేర్పింది దైవకృప. ఫ్యాక్టరీలో పక్కపీట మీద కూర్చునే మనిషి. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆదివారం చర్చి అయ్యాక ఖాళీ మార్కెట్ యార్డులో వెనక సీటు పట్టుకుని పరిగెత్తేది. "కిందకి చూడకు వదినా! పడతాననుకున్న చోటే చూత్తే అక్కడే పడతావ్. ఎళ్ళాల్సిన కాడికి చూడు!" నూకరత్నం నన్ను మీద వేసుకుని ఎన్నిసార్లు పడిందో. ఒకసారి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే కూర్చుని నవ్వింది. బుల్లియ్య పోయాక నేను విన్న మొదటి నవ్వు అది. యార్డులో నవ్వినా, వంతెన మీదకి రావడానికి మాత్రం నెల పట్టింది. వచ్చాక కూడా వంతెన మొదట్లో దిగిపోయి, నన్ను నడిపించుకుంటూ దాటి, అవతల ఎక్కేది.

అలాంటి రోజుల్లో ఆటో ఒకటి మైకు పెట్టుకుని వీధుల్లో తిరిగింది. వంతెన మీద ప్రమాదాలు పెరిగిపోయినందువల్ల, పొద్దుటా సాయంత్రమూ రద్దీ వేళల్లో సైకిళ్ళూ తోపుడుబళ్ళూ వంతెన ఎక్కకుండా నిషేధించాలని మునిసిపాలిటీ ఆలోచిస్తోందట. సైకిళ్ళవాళ్ళు కాలవ దిగువన నీళ్ళు ఆపే పాత లాకుల మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలట. ముందు వార్డుల్లో సభలు పెట్టి ప్రజల అభిప్రాయం తీసుకుంటారట, తర్వాత కౌన్సిల్లో తీర్మానం. లాకుల దారిన వెళితే ఏ సైరన్‌ వేళకీ చేరుకోలేరు. ఆ మైకులో 'ఇటీవల మరణించిన బుల్లియ్య' అనే మాట కూడా వినిపించింది.

నూకరత్నం చేతిలోని బిందె కింద పెట్టేసింది.

"చంపినోడు వంతెన మీద దర్జాగా ఎల్తాడు. చచ్చినోడు చుట్టూ తిరిగి ఎల్లాలా?"

ఆమె ఎవర్నీ అడగలేదు ఆ ప్రశ్న. వీధిని అడిగింది. కానీ వీధిలో దైవకృప ఉంది. "ఈ మాట ఇక్కడ కాదు వదినా, ఆ మీటింగులో అడుగు," అంది.

వాళ్ళ వార్డు సభ కమ్యూనిటీ హాల్లో జరిగింది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు సైకిళ్ళ మీద వెళ్ళారు. వాకిట్లో స్టాండు వేసి లోపలికి వెళ్ళారు. తలుపుల్లోంచి నాకు వేదిక కనిపించింది. వార్డు కౌన్సిలర్ భ్రమరాంబగారు వేదిక మీద పట్టుచీరలో కూర్చుని ఉంది. మైకు మాత్రం ఆమె భర్త సూరిబాబు చేతిలో ఉంది. గెలిచింది ఆమె, మాట్లాడేది ఆయన. అది ఎవరికీ వింతగా తోచేది కాదు. సూరిబాబుకి ఇసుక టిప్పర్లు ఉన్నాయి. అదీ ఎవరికీ వింత కాదు.

నూకరత్నం లేచి నిలబడింది.

"బాబుగారండీ, వంతెన మీద ఓ పక్కన సైకిళ్ళకి గీత గీసి వదలండి. పనిలోకి ఎళ్ళే వేళా, వచ్చే వేళా ఇసుక బళ్ళు ఆపండి. ఆ రెండూ చేత్తే ఎవరూ చావరు. మమ్మల్ని ఆపక్కర్లేదు."

"అమ్మా, నీ కష్టం నాకు తెలవదా? నీలాంటి ఆడపడుచులకి ఇంకోళ్ళకి ఆ గతి పట్టకూడదనే కదా ఇదంతా. మీ మంచికే చెప్తున్నాం," అన్నాడు సూరిబాబు మైకులోకి, మెత్తగా. సభలో కొందరు చప్పట్లు కొట్టారు. వెనక ఎవరో, "సైకిలు తొక్కడం నేర్చుకుని నాలుగు రోజులు కాలేదు, అప్పుడే సట్టాలు నేర్పుతోంది," అని నవ్వారు.

వాళ్ళు లోపల నవ్వుతుండగానే ఒకడు నా దగ్గరికి వచ్చాడు. నా పక్కన ఒంగుని బీడీ వెలిగించుకుంటున్నట్టు నటించాడు. రెండు టైర్లూ బ్లేడుతో చీల్చాడు. గాలి తీసేస్తే ఆకతాయి పని అనుకోవచ్చు. ఇది అది కాదు.

ఇంటికి నన్ను నడిపించుకెళ్తుంటే దైవకృప కూడా సైకిలు దిగి పక్కన నడిచింది. ఆ పెద్ద గొంతు ఆ రోజు చిన్నబోయింది. "వదినా, మానేద్దామా?"

నూకరత్నం ఆగి, చీలిన టైరుని వేలితో తడిమింది. "వాళ్ళ కాడ మైకుంది, టిప్పర్లున్నాయి, మనుషులున్నారు. మన కాడ నాలుగు సైకిళ్ళు. అయినా బ్లేడు ఎందుకు తీశారే? భయం ఎవరికేసినట్టు?"

కాసిం టైర్లు వేస్తూ, "పక్క వార్డులో ఎల్లుండి సభ," అని మాత్రం అన్నాడు.

ఆ వార్డుకి ఎనిమిది సైకిళ్ళు వెళ్ళాయి. తర్వాతి దానికి మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్ళూ చేరారు. వార్డు సభ ఎక్కడుంటే అక్కడికి, పని వదిలాక, తుడుచుకోని చేతులతో వెళ్ళేవారు. జీడిపిక్కల నూనె మరకలు నా హ్యాండిల్ పిడులకి అంటుకుపోయాయి. ప్రతిచోటా ఆమె అవే రెండు కోర్కెలు చెప్పేది. కొన్నిచోట్ల విన్నారు. ఒకచోట మైకు ఆపేశారు. ఇంకోచోట సభ చోటే మార్చేసి తాళం వేసిన తలుపులు చూపించారు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పిలిచి, రాజకీయాలు కావాలంటే పిక్కలు మానుకోమన్నాడు. ఆ సభల్లో సైకిళ్ళ గురించి గంటలకొద్దీ మాట్లాడినవాళ్ళలో సైకిల్ మీద వచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఒక సాయంత్రం అలాంటి సభ నుంచి కాలవగట్టు మీద ఒంటరిగా వస్తున్నాం. వెనక జీపు. హారన్ కొట్టలేదు, దాటి పోలేదు. ఆమె జోరు పెంచితే అదీ పెంచింది, తగ్గిస్తే అదీ తగ్గించింది. ఇంజను వేడి నా వెనక మడ్‌గార్డుకి తగులుతోంది. కాలవ ఒక పక్క, జీపు వెనక. చటుక్కున ఆమె బ్రేకు వేసి దిగింది. వెనక్కి తిరిగి నిలబడింది. జీపు ఆగిపోయింది. అద్దం మీద ఆకాశం ప్రతిబింబించి లోపల ఎవరున్నారో కనబడలేదు. ఎదురుగా గడ్డిమోపులతో వచ్చే ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. అప్పుడు జీపు పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఆమె నా సీటు మీద తల ఆనించి, గడ్డిమోపుల వాళ్ళు దాటిపోయేదాకా అలాగే ఉండిపోయింది.

కౌన్సిల్ సమావేశానికి మూడు రోజులుందనగా సూరిబాబు కబురు పంపాడు. వాళ్ళ ఇంటి వరండాలో ఆమెకి కుర్చీ వేయించాడు. అలాంటివాళ్ళు కుర్చీ వేశారంటే దాని వెనక ఏదో ఉంటుందని ఆమెకీ తెలుసు. అంచు మీదే కూర్చుంది.

"చూడమ్మా నూకరత్నం. పడమటివైపు స్కూల్లో ఆయా పోస్టు ఖాళీ ఉంది. నేను చెప్తే అయిపోద్ది. కాలవ దాటే పనే లేదు. ముసలావిణ్ణి చూసుకుంటూ హాయిగా ఉండచ్చు. రేపే చేరు. ఈ సైకిళ్ళ గొడవ మిగతావాళ్ళు చూసుకుంటారు."

భ్రమరాంబగారు లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు ఇస్తూ మెట్ల దగ్గర ఉన్న నన్ను చూసింది. "కడ్డీ కోయించావా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"అవునండి. మా ఆయన బండండి ఇది."

భ్రమరాంబగారు ఇంకేదో అనబోయింది. సూరిబాబు దగ్గాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో సింహాచలం సంగతి విని చేతులెత్తి దణ్ణం పెట్టింది. నూకరత్నం ఇంకా ఒప్పుకోలేదని తెలిసేసరికి ఆ దణ్ణం ఆమె వైపుకే తిరిగింది. "నీ కాళ్ళట్టుకుంటానే. కొడుకుని ఆ వంతెన మింగేసింది. నువ్వూ దాని మీదే పోతే నా నోట్లో గంజి పోసేవోళ్ళు ఎవరు? పట్టుదలలు మనలాంటోళ్ళకి కాదే రత్నం."

"ఊరుకో అత్తా," అంది ఆమె. ముసలామె తప్పు మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నన్ను వీధిలోకి తీసింది. వీధి చివర కుడికి తిరిగితే స్కూలు, ఎడమకి తిరిగితే వంతెన. అక్కడ ఒక కాలు కింద ఆనించి ఆగిపోయింది. ఉతికిన చీర కట్టుకుంది ఆ రోజు. పనికి అలాంటి చీర కట్టదు. నాకు గుండె లాంటిది ఏదైనా ఉంటే అది ఆగిపోయిన క్షణం అది. ఉద్యోగానికి వెళితే నేను ఆమెని తప్పుపట్టేవాణ్ణి కాదు. బుల్లియ్య కూడా పట్టేవాడు కాదు. ఆమె ముందుచక్రం వైపు చూసింది. తర్వాత హ్యాండిల్ ఎడమకి తిప్పింది.

ఆ రోజు వంతెన మొదట్లో దిగలేదు. ఎత్తు దగ్గర సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది.

కౌన్సిల్ సమావేశం రోజున ఫ్యాక్టరీ వాళ్ళలో చాలామంది పనికి వెళ్ళలేదు. సైకిళ్ళ మీద మునిసిపల్ ఆఫీసుకి బయలుదేరారు. ఆఫీసు తూర్పు గట్టునే. వంతెన ఎక్కేసరికి నూకరత్నం అందరికంటే ముందుంది, వెనక దైవకృప, ఆ వెనక బారు. సరిగ్గా మధ్యకి వచ్చాక వెనకనుంచి హారన్. టిప్పరు. అది బారు పక్కనుంచి దూరి, దైవకృపని దాటి, నా వెనకకి వచ్చింది. ఎదురుగా బస్సు కనిపిస్తోంది.

అదే చోటు. అవతలి పిట్టగోడ మీద నేను చేసిన గీరు ఇంకా అలాగే ఉంది.

"దిగిపో వదినా! గోడకి ఆనుకో!" దైవకృప అరుస్తోంది.

హారన్ ఆగట్లేదు. నా ముందుచక్రం గోడ వైపు లాగుతోంది. గోడ వైపు ఒదిగితే టిప్పరుకి దారి దొరుకుతుంది, సందులో మేం నలుగుతాం. ఆమె ఒదగలేదు. మెల్లగా, చాలా మెల్లగా, నన్ను గోడ నుంచి దూరంగా, దారి మధ్యకి తీసుకొచ్చింది. దాటడానికి టిప్పరుకి చోటు లేకుండా చేసింది. ఇప్పుడు వాడు చేయగలిగినవి రెండే. ఆగడం, లేకపోతే అందరూ చూస్తుండగా ఎక్కించడం.

వెనక బ్రేకులు కీచుమన్నాయి. ఇసుక కొంచెం జలజలా రాలింది. ఎదుటి బస్సు మెల్లగా ఒదిగి మమ్మల్ని దాటిపోయింది. వంతెన దిగేదాకా ఆ టిప్పరు మా వెనక నడిచే ఎద్దులా వచ్చింది. దిగాక నూకరత్నం రోడ్డు పక్కన నన్ను వదిలేసి కూలబడి వాంతి చేసుకుంది. దైవకృప కొంగుతో మూతి తుడిచింది. ఇద్దరూ లేచి మళ్ళీ ఎక్కారు.

మునిసిపల్ ఆఫీసు లోపల మీటింగు హాలుకి కిటికీలున్నాయి. ఒక కిటికీ కింద నన్ను ఆనించి ఆమె లోపలికి వెళ్ళింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెనక బెంచీల మీద కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. ఆ రోజు గురించి నేను చెప్పేదంతా కిటికీలోంచి విన్నదే.

ఏవేవో అంశాలు చదివారు. ఒక్కోదానికీ ఛైర్మన్ "ఆమోదమేనా?" అనడం, సభ్యులు పత్రికలు తిప్పుతున్న చప్పుడు మధ్యనే "ఆమోదం" అనడం. చివరికి వంతెన అంశం వచ్చింది. గుమస్తా గబగబా చదివేశాడు.

"ఆమోదమేనా?"

"ఆమోదం, ఆమోదం..." ఆ గొంతుల వెనక సన్నగా ఇంకో గొంతు.

"నాకు ఆమోదం కాదండి."

ఆ గొంతు ఆ హాల్లో అంతవరకూ ఎవరూ వినలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఛైర్మన్ పెద్దమనిషి తరహాలో, "భ్రమరాంబగారూ, పొరపాటున అన్నట్టున్నారు. ఆమోదం అనాలండి," అన్నారు.

"తెలుసండి. కాదనే అంటన్నాను."

తలుపు దగ్గర్నుంచి సూరిబాబు గొంతు. "భ్రమరా! కూచో."

"ఆయన సభ్యుడు కాదండి," అంది ఆమె. "బయటికి పంపండి, మాట్లాడతాను."

కాసేపటికి చెప్పుల చప్పుడు బయటికి వచ్చి, నేనున్న కిటికీకి కొంచెం దూరంలో ఆగిపోయింది. సూరిబాబు అక్కడే నిలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, తన భార్య గొంతుని మొదటిసారి కిటికీలోంచి విన్నాడు. ఇద్దరం పక్కపక్కనే విన్నాం.

"వంతెన మీద మా బళ్ళు కూడా తిరుగుతాయండి. బుల్లియ్యని గుద్దింది ఎవరి బండో నాకు తెలవదు. మా ఇంట్లో ఎవర్నీ పోలీసులు అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తాదోనని అడగలేదు. ఇప్పుడు ఆ చావు పేరు చెప్పి వాళ్ళ ఆడవాళ్ళనే దారిలోంచి తీసెయ్యడానికి నన్ను చెయ్యెత్తమంటే నా వల్ల కాదండి. సైకిళ్ళకి చోటు వదలమని వాళ్ళు అడుగుతున్నారు. అది రాసుకోండి. దీన్ని మాత్రం చేతులెత్తించి లెక్కపెట్టండి."

ఛైర్మన్ వాయిదా వేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఇంకెవరో, "లెక్కపెడితే పోయేదేముందండీ," అన్నారు. చేతులెత్తమన్నారు. గుమస్తా లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎవరో మధ్యలో చెయ్యి దించేశారని గొడవ. మూడోసారి లెక్క.

"తీర్మానం వీగిపోయింది."

లోపల దైవకృప గొంతు వినిపించింది. మాట్లాడకూడదన్న చోట ఆమె ఏమందో చెప్పడం బాగుండదు. నూకరత్నం గొంతు వినిపించలేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె మొహం గెలిచినవాళ్ళ మొహంలా లేదు. టిప్పరు ఎవరిదో ఇంకా తెలియనివాళ్ళ మొహంలా ఉంది. అది ఎప్పటికీ తెలియలేదు.

నిషేధం రాలేదంతే, కోరింది రావడానికి మళ్ళీ ఎన్ని సభలు తిరిగామో. పని వేళల్లో ఇసుక బళ్ళు ఆపించడానికి ఒక ఎండాకాలం, వంతెన మీద పచ్చగీత గీయించడానికి ఇంకో వానాకాలం పట్టింది. గీత గీసిన మర్నాడే దాని మీద కారు ఆపినవాడు ఒకడు కనిపించాడు. మనుషులు గీతలు గీసినంత తేలికగా వాటిని చూడరు. భ్రమరాంబగారికి తర్వాతి ఎన్నికల్లో పార్టీ టిక్కెట్టు ఇవ్వలేదు. సొంతంగా నిలబడింది. ఓడిపోయింది. నూకరత్నం ఊరంతా సైకిల్ మీద తిరిగి ఆమెకి ఓట్లడిగింది, అయినా ఓడిపోయింది. సింహాచలం చివరిదాకా నన్ను గడప దాటనివ్వలేదు. కోడలు ఆలస్యమైతే మాత్రం వీధి చివర దాకా వచ్చి నిలబడేది.

కడ్డీ అతుకు ఒక రోజు పట్టుకున్న చోటే చిట్లింది. కాసిం వేలితో తడిమి తల అడ్డంగా ఊపాడు. "ఇంక అతుకు నిలవదమ్మా. దీని మీద వంతెన ఎక్కద్దు."

నూకరత్నం నా సీటు మీద చెయ్యి వేసింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. "ఆయన ఇందులో లేడులే బాబాయ్," అంది. "పనికొచ్చేవి తీసుకుని మిగిలింది పాత ఇనప సామాన్లకి వేసెయ్యి." మరో సైకిలు బేరం చేసి, దాని బ్రేకులు గట్టిగా నొక్కి చూసి, ఎక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమెకి ఎక్కడో మీటింగుంది.

కాసిం నా చక్రాలు, సీటు, గంట విప్పుకున్నాడు. మిగిలిన చట్రాన్ని పాత ఇనుము వ్యానులో పడేశాడు. రేకుడబ్బాలూ, విరిగిన కుర్చీలూ, తుప్పుపట్టిన కిటికీ ఊచల మధ్య వెల్లకిలా పడున్నాను. మర్నాడు పొద్దున్న వ్యాను వంతెన ఎక్కింది. నన్ను మరొకరు మోసుకుంటూ వంతెన దాటించడం అదే మొదటిసారి. ఎత్తులోంచి చూస్తే దారంతా కనిపించింది. పనిలోకి వెళ్ళే ఆడవాళ్ళ సైకిళ్ళు బారుగా ఉన్నాయి. పచ్చగీత చెరిగిపోయిన మేర గుంత ఒకటి పడింది. దాన్ని తప్పించుకోవడానికి బారు మొత్తం దారి మధ్యకి వచ్చి వెళుతోంది.

వ్యాను డ్రైవరుకి తొందర. గట్టిగా హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

బారులో ఒకామె వెనక్కి తిరగకుండానే ఎడంచెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి చూపించింది. ఆగు, అని. అది నూకరత్నమో కాదో చెప్పలేను. వెనకనుంచి అందరూ ఒకలాగే ఉన్నారు, అందరూ సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నారు.

డ్రైవరు గొణుక్కుని గేరు తగ్గించాడు. మేం వాళ్ళ వెనకే, వాళ్ళ జోరునే, నెమ్మదిగా వంతెన దాటాం.